పరుపుల రాగిబ్ మోసిన ఆఖరి పేరు

హమా పట్నంలో మా వీధి చివరి ఇంట్లో ఉండేవాడు రాగిబ్. పరుపులు కుట్టడం అతని వృత్తి, తాతల నాటి నుంచీ అదే. ఎండలు ముదిరాయంటే చాలు, దూదేకే విల్లు భుజాన వేసుకుని, చెక్క సుత్తి నడుముకి దోపుకుని, "పరుపులమ్మా, బొంతలమ్మా" అని కేకేసుకుంటూ ఊళ్ళ మీద పడేవాడు. చలికాలమంతా ఒళ్ళ కింద నలిగి ముద్దకట్టిన ఉన్నిని ఆడవాళ్ళు విప్పదీసి, ఉతికి, ముంగిట్లో ఆరబోసి ఉంచేవాళ్ళు. రాగిబ్ దాని ముందు చతికిలబడి, విల్లు నారిని సుత్తితో మోదుతూ ఆ ఉన్నినంతా నురగలా విడదీసి, మళ్ళీ గలీబులో కూరి కుట్టి ఇచ్చేవాడు. ఆ నారి మోత మొదలైందంటే గోడ అవతలి మనిషికి మన మాట ఒక్కటి వినబడదు. రాగిబ్‌కి కావలసింది కూడా అదే.

ఎందుకంటారా? చెప్తాను, తొందరేముంది. అతనే పదమూడేళ్ళు ఆగాడు.

మా వైపు పరాయి మగాడు ఇంటి ముంగిట్లో అడుగుపెట్టడం అంటే మాటలు కాదు. కానీ పరుపులవాడికి తలుపు తీస్తారు. ఇంట్లో మగదిక్కు లేకపోయినా సరే, వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి లోపలికి పిలుస్తారు. అతను తలెత్తకుండా వచ్చి, తలెత్తకుండా పని చేసుకుని, తలెత్తకుండా పోవాలి. ఆ తలెత్తకపోవడం రాగిబ్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సినవాళ్ళు బూటుకాళ్ళతో నేర్పే పంపారు.

అతన్ని పట్టుకుపోయింది ఎనభై ఒకటిలో. చేసిన నేరం పెళ్ళిబొంత కుట్టడం. నవ్వకండి, నిజమే. బొంత కుట్టించుకున్న పెళ్ళికొడుకు కోసం వెతుకుతున్నారు. వాడు దొరకలేదు, వాడి ముంగిట్లో బొంత కుడుతున్న రాగిబ్ దొరికాడు. "నాకేం తెలుసయ్యా, నేను పరుపులవాణ్ణి" అంటే, "అయితే వాడు ఎక్కడ పడుకుంటాడో నీకు తెలిసే ఉంటుందిగా" అన్నాడట ఆఫీసరు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారట. ఆ ఒక్క పరాచికంతో రాగిబ్ పదమూడేళ్ళు లోపలే ఉండిపోయాడు.

ఆ జైలు పేరు మావాళ్ళెవరూ పలకరు. "అక్కడ" అంటారు, అంతే. వాడు అక్కడున్నాడు, వీడు అక్కణ్ణుంచి వచ్చాడు. ఎడారి మధ్యలో, ఖర్జూరపు తోటల ఊరి పక్కన, ఎప్పుడో ఫ్రెంచి దొరలు తమ సిపాయిల కోసం కట్టుకున్న కొట్టాలు అవి. దొరలు పోయారు, గోడలు మిగిలాయి. మొదట్లో తప్పు చేసిన సిపాయిల్ని అందులో పెట్టేవాళ్ళు. తర్వాత, అధ్యక్షుడిగారి ఫొటో ప్రతి దుకాణంలోకీ ఎక్కిన రోజుల్లో, నోరున్నవాళ్ళనీ, నోరున్నవాళ్ళ పక్కింటివాళ్ళనీ, ఆ పక్కింటికి బొంత కుట్టినవాళ్ళనీ తెచ్చి అందులో కుక్కారు. అరవైమంది పట్టే గదిలో నూట డెబ్భై మంది. పక్కకి తిరిగి పడుకోవాలంటే వరసంతా ఒకేసారి తిరగాలి. కప్పుకి ఒక కంత, ఆ కంతలో పగలూ రాత్రీ కాపలావాడి బూట్లు. కళ్ళు తెరిచి పైకి చూసినవాణ్ణి గుర్తుపెట్టుకుని మర్నాడు బయటికి లాగేవాళ్ళు. గజ్జి, క్షయ, విరేచనాలు. కొన్ని పొద్దుల్లో కొందరిని పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు, వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు కాదు. ఇంతకన్నా చెప్పను. రాగిబ్ కూడా చెప్పేవాడు కాదు. ఎవరైనా కదిపితే, "ఉన్ని ఆరిందా లేదా అని అడుగు, చెప్తాను" అనేవాడు విసుగ్గా.

ఆ గదిలో మునీఫ్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. కాగితం లేదు, కలం లేదు, సుద్దముక్క లేదు. "చచ్చినవాళ్ళని గోతిలో వేసి చదును చేసేస్తున్నారు, ఇంటికి కబురైనా లేదు. మనం కూడా మర్చిపోతే వీళ్ళు పుట్టనే లేదన్నమాట" అని, గట్టి జ్ఞాపకం ఉన్న అయిదుగుర్ని ఏరాడు. ఖురాను కంఠస్థం చేయించినట్టే పేర్లు కంఠస్థం చేయించాడు. రాగిబ్‌కి అక్షరం ముక్క రాదు. కానీ ఎవరింట్లో ఏ పరుపు ఎన్ని జానలో ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తడుముకోకుండా చెప్పేవాడు. పంతులు అది కనిపెట్టి పట్టేశాడు.

ఒక్కో మనిషికి నాలుగు ముక్కలు: పేరు, ఇంటిపేరు, ఊరు, తల్లి పేరు. "తండ్రి పేరొద్దా పంతులూ?" అనడిగితే, "మీ బుర్రలు ఎంతని మోస్తాయిరా? సర్కారు ఫైళ్ళలో మనిషిని పట్టేదే తల్లి పేరుతో. నాలుగు చాలు. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. సగమే తెలిస్తే సగమే చెప్పండి. ఎవరిమీదో జాలిపడి అబద్ధమాడారో, గోతిలోంచి లేచొచ్చి తంతాను" అన్నాడు. పాపం, పంతులు కూడా ఆ గోతిలోకే పోయాడు ఎనభై ఏడులో. అతని పేరు కూడా రాగిబ్ తలలోకే చేరింది.

అయితే చిక్కంతా ఆ నాలుగో ముక్కతోనే. మా మగవాళ్ళకి తల్లి పేరు నలుగురిలో అనాలంటే ప్రాణం పోయినంత పని. బడిలో ఎవడి తల్లి పేరైనా బయటపడిందంటే ఏడాది పొడుగునా వాణ్ణి ఏడిపించి చంపుతారు. బజార్లో "మా ఇంట్లోవాళ్ళు" అంటారు గాని అమ్మ పేరూ పెళ్ళాం పేరూ నోట రానివ్వరు. ఊళ్ళో ఆడమనిషిని పిలవాలన్నా కొడుకు పేరు పెట్టి "ఉమ్మ్ ఫలానా" అంటారు, ఫలానావాడి అమ్మ అని. విచారణలో తన్ని రాబట్టుకోవడం వేరు, తోటివాడు మెత్తగా అడిగితే మాత్రం నోరు పెగలదు. అందుకే పంతులు చెవిలో చెప్పమనేవాడు. రేపోమాపో పోయేవాళ్ళు కూడా ఆ మాట చెవిలో ఊదేటప్పుడు ఎర్రబడిపోయేవాళ్ళట.

సత్తూఫ్ ఆ గదికి వచ్చింది ఎనభై ఆరు చలికాలంలో. ఇంకో గదిలోంచి ఈడ్చుకొచ్చి పడేశారు. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. గుండు గీశారు, మొహం వాచిపోయి ఉంది, జ్వరంతో ఒళ్ళు పెనంలా కాలుతోంది. రాగిబ్ తన దుప్పట్లోనే కాస్త చోటిచ్చాడు. మూడు రోజులున్నాడు, మాట్లాడింది తక్కువ. "మాది కఫర్ లౌజ్, బాబాయ్. రహ్మూన్ వాళ్ళం. గానుగ హాజీ సత్తూఫ్ మనవణ్ణి. ఆ పేరు చెప్తే మా ఊరి కుక్క కూడా దారి చూపిస్తుంది" అన్నాడు. అమ్మ పేరు అడిగితే చెప్పలేదు. రాగిబ్ గట్టిగా అడగలేదు. అతనూ ఆ మట్టిలో పుట్టినవాడే, ఎదిగిన కుర్రాణ్ణి ఆ మాట బలవంతపెట్టాలంటే అతనికే మొహమాటమేసింది. రేపు అడుగుదాంలే అనుకున్నాడు. మర్నాడు పొద్దున వాడు రాగిబ్ పక్కనే చల్లబడి ఉన్నాడు.

పంతులు నానా చీవాట్లూ పెట్టాడు. "సిగ్గుపడటానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా? సగం పేరు తెచ్చి నా నెత్తిన పెడతావా?" అని మూడు రోజులు మాట్లాడలేదు. రాగిబ్ ఆ సగం పేరునే మోశాడు, ఇంకేం చేస్తాడు.

తొంభై నాలుగులో వదిలేశారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పనట్టే ఎందుకు వదిలారో కూడా చెప్పలేదు. మా వీధి మొదట్లో దిగి, ఇంటికి ఉత్త చేతుల్తో ఏం వెళ్తాంలే అని రొట్టెల కొట్టు దగ్గర ఆగాడు. కొట్టువాడు రొట్టెలు చుట్టిస్తూ, "అమ్మ పోయి ఆరేళ్ళయింది కదూ, దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు మామూలుగా. కొట్టువాడి తప్పేం లేదు, తెలుసనుకున్నాడు. రాగిబ్ ఆ వేడి రొట్టెలు గుండెకి ఆనించుకుని ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలీదు. ఏ తల్లికైనా కబురు కూర్చోబెట్టి చెప్పాలి అని ఆ రోజే అనుకున్నాడట.

మొత్తం అరవై ఒక్క పేర్లు. చచ్చినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాడని తెలిస్తే మళ్ళీ అక్కడికే. నెలకోసారి పోలీసు ఆఫీసుకి వెళ్ళి, ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు అంటే, "పరుపులయ్యా, బొంతలయ్యా" అని చెప్పి వేలిముద్ర వేసి రావాలి. అందుకే ఆ విల్లు. ఊళ్ళోకి వెళ్ళి, ఇల్లు కనుక్కుని, ఆ ఇంటివాళ్ళు పిలిచేదాకా వీధంతా కేకలేసేవాడు. ఉన్ని ముందు కూర్చుని నారి మోగించి, "అమ్మా, ఇలా దగ్గరకొచ్చి కూర్చో" అని, మోత మోతకీ మధ్య ఒక్కో ముక్కా చెప్పేవాడు. ఒకావిడ పడిపోయింది. ఒకావిడ టీ పోసి, "తెలుసు నాయనా, కల్లోకి వచ్చి వాడే చెప్పాడు" అంది. ఒకావిడ చెప్పు తీసుకుని వీధి చివరిదాకా తరిమింది. చెప్పడం, గబగబా కుట్టడం, లేచిపోవడం. ఏడుపు మొదలయ్యే వేళకి రాగిబ్ వ్యానెక్కేసేవాడు. "ఏడుపు చూసే ఓపిక లేదు నాకు, ఉన్నదంతా అక్కడే అయిపోయింది" అనేవాడు.

నాలుగేళ్ళలో అరవై పేర్లు దించాడు. తర్వాతైనా హాయిగా ఉన్నాడా అంటే అదీ లేదు. కూర్చున్నచోట కూర్చునేవాడు. టీ చల్లారిపోయేది. మిగిలిన ఆ సగం పేరునే నిద్రలో కూడా గొణిగేవాడు. అతని భార్య మల్కాకి ఒళ్ళు మండిపోయింది. "అరవైమందిని తీసుకెళ్ళి తల్లులకి అప్పజెప్పావు, ఆ ఒక్కణ్ణీ నా మంచం మీద పడుకోబెట్టావేంటయ్యా? సగం తెలిస్తే సగమే చెప్పమన్నాడు కదా మీ పంతులు! పో, చెప్పేసి రా. రహ్మూన్ వాళ్ళ సత్తూఫ్ అంటే తల్లి ఎవరో ఊరే చెప్తుంది" అని విల్లు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

అలా వెళ్ళాడు కఫర్ లౌజ్‌కి, తొంభై ఎనిమిది జూన్‌లో. ఆలివ్ తోటల మధ్య దుమ్ముకొట్టుకుపోయిన ఊరు. వ్యాను దిగి రెండు కేకలేశాడో లేదో ఒక తలుపు తెరుచుకుంది.

"ఇటు రా నాయనా! ముందు నా పరుపు కుట్టు" అంది ఒకావిడ. డెబ్భైకి దగ్గర మనిషి, ఎండుపుల్లలా ఉంది, మాటకోసారి దగ్గుతోంది.

"అదేం కుదరదు!" లోపల్నుంచి ఇంకో గొంతు. "పోయినేడూ నీదే ముందు, అంతకుముందేడూ నీదే ముందు."

"నేను పెద్దదాన్నే."

"అవును, పెద్దదానివి. వయసుకి గౌరవమిచ్చి నీ పరుపు ముందు కుట్టిస్తే, నా ఉన్ని నిరుడు వానలో తడిసింది. అది గుర్తులేదు నీకు."

ఇద్దరూ తోడికోడళ్ళని ఆ రెండు మాటల్లోనే తెలిసిపోయింది. ఒకే ముంగిలి, అటో వంటిల్లు, ఇటో వంటిల్లు. మగవాళ్ళిద్దరూ ఏనాడో పోయారు. చిన్నావిడ పుష్టిగా, గలగలా ఉంది. ఆమె గుమ్మంలో ఎవరివో చిన్నపిల్లల చెప్పులు నాలుగు జతలున్నాయి. పెద్దావిడ గుమ్మంలో ఒక్క జతే ఉంది. రాగిబ్ తల దించుకునే ఉంటాడు కాబట్టి అతనికి ఎప్పుడూ ముందు చెప్పులే కనబడతాయి.

"ఇది గానుగ హాజీ సత్తూఫ్ గారి ఇల్లేనా అమ్మా?"

"ఇదే. ఆయన కోడళ్ళమే మేం" అంది పెద్దావిడ. "ఊళ్ళో నన్ను పెద్ద ఉమ్మ్ సత్తూఫ్ అంటారు, దీన్ని చిన్న ఉమ్మ్ సత్తూఫ్ అంటారు."

రాగిబ్ విల్లు కింద దించాడు. "ఇద్దరూ... సత్తూఫ్ వాళ్ళమ్మలేనా?"

"మరి? తాత పేరు పెద్ద మనవడికి పెట్టాలి కదా నాయనా. నాకు పుట్టాడు, నేను పెట్టాను. మూడు నెలలకి దీనికి పుట్టాడు, ఇదీ పెట్టింది."

"నా మొగుడికి మాత్రం ఆయన తండ్రి కాదా ఏంటి?" అంది చిన్నావిడ. "ఈవిడ పెట్టుకుంటే పేరు అరిగిపోతుందా?"

"పిల్లలెక్కడున్నారు?" అనడిగాడు రాగిబ్.

పెద్దావిడే చెప్పింది. "అలెప్పోలో చదువుకోడానికెళ్ళారు. ఇద్దరిదీ ఒకే గది. ఒకే రోజు పట్టుకుపోయారు. పద్దెనిమిదేళ్ళయింది."

లేచిపోవచ్చు. ఉన్ని ఇంకా తడిగా ఉంది, వచ్చేవారం వస్తానని చెప్పి వ్యానెక్కేయొచ్చు. రాగిబ్ నిజంగానే అలా అనుకున్నాడు, అతనే ఒప్పుకున్నాడు తర్వాత. కానీ వచ్చేవారం మాత్రం ఏం మారుతుంది? మళ్ళీ ఆ మంచం, ఆ గొణుగుడు. ఓపిక లేదిక. ఉన్ని ముందు కూర్చుని నారి మోగించాడు. "ఇద్దరూ దగ్గరికొచ్చి కూర్చోండమ్మా. నేను అక్కణ్ణుంచి వచ్చాను" అన్నాడు.

చిన్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది, అంతే. సత్తూఫ్ రహ్మూన్, కఫర్ లౌజ్, గానుగ హాజీ మనవడు, ఎనభై ఆరు చలికాలం, జ్వరం, మూడు రోజులు నా దుప్పట్లోనే ఉన్నాడు, నా పక్కనే పోయాడు. చెప్పాల్సింది నాలుగు మోతల్లో అయిపోయింది. విల్లు ఆగింది.

"ఏ సత్తూఫ్?" అంది చిన్నావిడ.

"అదే తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటి? మూడు రోజులు నీ దుప్పట్లో పడుకోబెట్టుకున్నానంటావు, ఎవడో తెలీదంటావా? పొడుగా, పొట్టా?"

"పడుకునే ఉన్నాడమ్మా. లేవలేదు."

"మొహం?"

"వాచిపోయి ఉంది."

"ఏం మాట్లాడాడో అదన్నా చెప్పు మహానుభావా!"

"గానుగ గాడిదకి కళ్ళకి గంతలు కట్టే పని తనదే అన్నాడు."

"ఇద్దరూ కట్టేవాళ్ళు" అంది పెద్దావిడ మెల్లిగా. "దానికోసం కొట్టుకునేవాళ్ళు కూడా."

"ఉల్లి వాసన పడదన్నాడు."

"ఇద్దరికీ పడదు. మా మామగారికీ పడేది కాదు."

"చెవులు పెద్దవి."

"తాత చెవులు. ఇద్దరివీ అవే."

ఏం చెప్పినా అంతే. ఒకే ముంగిట్లో పెరిగారు, ఒకే పక్క మీద పడుకున్నారు, ఒకే కంచంలో తిన్నారు. చిన్నావిడ ఉన్నట్టుండి లేచి నిలబడింది. "నావాడు కాదు. నావాడు గట్టిపిండం. జ్వరాలకి పోయే రకం కాదు" అని, అక్కణ్ణుంచి వెళ్ళబోయి, వెళ్ళలేక, మళ్ళీ అక్కడే కూలబడింది. పెద్దావిడ మాత్రం ఉన్ని పీచొకటి వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"పక్క ఊళ్ళో ఉమ్మ్ నాయిఫ్‌కి కొడుకు కబురు చెప్పింది నువ్వే కదూ?"

"నేనేనమ్మా."

"ఆవిడ పేరు కూడా చెప్పావట. కొడుకు నీకు చెప్పాడనీ, అందుకే నమ్మాననీ నాతో అంది." దగ్గింది. "నా పేరు వజీహా. పరాయి మగాడి ముందు ఈ పేరు చెప్పడం ఇదే మొదలు. చెప్పు నాయనా. వాడు నా పేరు చెప్పాడా?"

రాగిబ్ ఆవిడ మొహం వంక చూశాడు. ఏ ముంగిట్లోనూ అలా తలెత్తి చూడలేదు అంతకుముందు. ఎముకలగూడు. ఒక్కడే కొడుకు. పద్దెనిమిదేళ్ళ ఎదురుచూపు. ఇంకో చలికాలం చూస్తుందో లేదో. ఆ కళ్ళు అవునని చెప్పమని బతిమాలుతున్నాయనుకున్నాడు. రెండో ఆవిడకి ఇంకా పిల్లలున్నారు, మనవలున్నారు, ఆమె ఇంకొన్నాళ్ళు ఎదురుచూడగలదు. ఈవిడ ఎదురుచూపైనా ఇవాళ్టితో తెగిపోతుంది. అరవై పేర్లు చెక్కుచెదరకుండా దించాను, ఈ ఒక్కటీ కాస్త పక్కకి దించితే పంతులు మాత్రం ఏమంటాడు? అలసిపోయిన మనిషి బుర్ర అలాగే పోతుంది మరి.

"చెప్పాడమ్మా" అన్నాడు. "నా చెవిలో చెప్పాడు. వజీహా అనే అన్నాడు."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. గుండెల్నిండా ఊపిరి పీల్చుకుని వదిలింది. మొహం మీద చిరునవ్వు లాంటిది వచ్చింది.

"హమ్మయ్య" అంది. "అయితే వాడు నావాడు కాదు."

"ఏంటీ?" అంది చిన్నావిడ.

"నావాడు ఏడేళ్ళప్పుడు రొట్టెల పొయ్యి దగ్గర ఊరందరి ముందూ నన్ను పేరు పెట్టి కేకేశాడు. మగాళ్ళు నవ్వారు. ఇంటికి లాక్కొచ్చి చెంప పగలగొట్టాను. మళ్ళీ ఆ పేరు వాడి నోట వినలేదు నేను. సర్కారువాళ్ళు తన్నినప్పుడు చెప్పి ఉంటాడేమో. పక్కన పడుకున్నవాడు మంచిగా అడిగితే మాత్రం చచ్చినా చెప్పడు." ఆవిడ గొంతులో ఎంత తేలిక వచ్చిందంటే, తోడికోడలు పక్కనే ఉందన్న సంగతి కూడా మర్చిపోయింది. "ఇదిగో, దీని కొడుకే దీన్ని పేరు పెట్టి పిలిచేవాడు. 'ఫిద్దా, అన్నం పెట్టు' అంటే ఇది నవ్వేది. వాడికి ఏ సిగ్గూ లేదు, నన్నూ అలాగే పిలిచేవాడు వెధవ. జ్వరంలో పెద్దమ్మ పేరు కలవరించి ఉంటాడు..."

అప్పుడు తగిలింది ఆవిడకి తను ఏమంటోందో.

చిన్నావిడ ఫిద్దా ఏడవలేదు మొదట. రాగిబ్ వైపూ, తోడికోడలి వైపూ మార్చి మార్చి చూసింది. "నా పేరు అనలేదా?" అంది. "పోయేటప్పుడు నీ పేరు అని, నా పేరు అనలేదా వాడు?" అని నేల మీద రెండు చేతులూ కొట్టుకుంటూ ఒరిగిపోయింది. ఆ గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. వజీహా పాక్కుంటూ వెళ్ళి ఆమె నోరు మూసింది. వీధిలో వింటారే, వద్దే, వింటారే అంటూ.

రాగిబ్ విల్లు మీద చెయ్యి వేశాడు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. విల్లు భుజాన వేసుకుంటే నాలుగడుగుల్లో బయటపడతాడు. ఇన్నేళ్ళూ చేసింది అదేగా. ఒక కొడుకు బతికున్నాడన్న ఆశని ఒక తల్లి దగ్గర లాక్కుని ఇంకో తల్లికి ఇచ్చాడు. అందులో ఒక్క ముక్క నిజం లేదు. పైగా జాలిపడి చేశాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

"అమ్మా, ఆగండి" అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"వాడు ఏ పేరూ చెప్పలేదు. నువ్వు కావాలనుకుంటున్నావనుకుని చెప్పానమ్మా. నన్ను కొట్టండి, తిట్టండి, మీ ఇష్టం. అడిగాను వాణ్ణి. చెవిలో చెప్పమన్నాను. వాడు చెప్పలేదు."

"ఏమన్నాడు?" అంది వజీహా. ఆ మొహంలో తేలిక అప్పుడే పోయింది.

"మొహం పక్కకి తిప్పుకున్నాడమ్మా. అంత జ్వరంలోనూ నవ్వాడు. 'ఊరుకో బాబాయ్, ఇంతమందున్నారు' అన్నాడు."

"నువ్వు మళ్ళీ అడగలేదా?"

"లేదమ్మా. నాకూ సిగ్గేసింది."

ఫిద్దా ఏడుపు ఆపేసింది. ఆమెకి అర్థమైంది, వజీహాకి అంతకన్నా ముందే అర్థమైంది. తన కొడుకు కాదని తెలిశాక కూడా ఫిద్దా మొహంలో సంతోషం లేదు. ఆమె లేచి తోడికోడలి పక్కకి జరిగి కూర్చుంది. ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నావాడే" అంది వజీహా. "వాడే. నేను పెంచినట్టే ఉన్నాడు."

ఉన్ని పీచులు గాలికి ముంగిలంతా తిరుగుతున్నాయి.

"ఎందుకు కొట్టానే ఆ రోజు?" అంది ఉన్నట్టుండి, ఫిద్దా వైపు తిరిగి. "ఏం మునిగిపోయిందని? నలుగురు మగాళ్ళు నవ్వితే నవ్వేవాళ్ళు. నీ కొడుకు పిలిస్తే నీకేమైనా అయిందా? చావబోయే ముందు అమ్మ పేరు అడిగారే వాణ్ణి. నోరారా అనుకోవాల్సిన మాట. నేనే నోరు నొక్కేశాను. ఇరవై అయిదేళ్ళొచ్చినా నా దెబ్బకి భయపడ్డాడే వాడు..."

"భయం కాదక్కా" అంది ఫిద్దా. "నవ్వాడన్నాడు కదా. భయపడితే నవ్వుతాడా?"

అప్పుడు ఏడ్చింది వజీహా. చప్పుడు లేకుండా, దగ్గు అడ్డం పడుతుంటే ఆగి, మళ్ళీ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. రాగిబ్ లేవలేదు. పోలీసులొచ్చినా లేచేవాడు కాదేమో ఆ రోజు. అక్కడే ఉన్ని ముందు కూర్చుని, తల దించుకోకుండా, ఆ ఏడుపంతా చూశాడు.

పొద్దు గోడ మీదకి వాలాక ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. అతని వైపు జరిగి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది.

"నవ్వాడన్నావు కదా నాయనా" అంది. "ఎలా నవ్వాడో, అది మళ్ళీ చెప్పు."

రాగిబ్ మళ్ళీ చెప్పాడు.